దినుసుల దుకాణం వెబ్‌సైటులో వెతికితే సరైన సరుకు దొరకడం లేదు: పోస్ట్‌గ్రెస్ సెర్చ్‌ను ఎలా మెరుగుపరచాలి?

ప్రశ్న: అంగడి సాంకేతికం

అందరికీ నమస్కారం. పచ్చళ్ళు, పొడులు, పప్పుదినుసులు, చిరుధాన్యాలు, పిండివంటలు అమ్మే ఒక చిన్న ఆన్‌లైన్ దుకాణానికి నేను సాంకేతిక బాధ్యతలు చూస్తున్నాను. కొనేవారిలో ఎక్కువమంది హైదరాబాదు, విజయవాడ, బెంగళూరు నగరాలలో ఉంటారు. అమెరికాలో ఉంటూ ఇక్కడి తల్లిదండ్రుల ఇంటికి సరుకు పంపించడానికి మా సైటు వాడుకునేవారు కూడా ఉన్నారు. మొత్తం సుమారు 6,000 సరుకులు ఉన్నాయి. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 14. ప్రతి సరుకుకూ తెలుగు పేరు, ఇంగ్లీషు పేరు, వర్గం, వివరణ అనే నాలుగు కాలమ్‌లు ఒకే టేబుల్‌లో ఉన్నాయి. సెర్చ్ పెట్టెలో ఏది టైపు చేసినా దానికి రెండు వైపులా శాతం గుర్తు తగిలించి, ఆ మాట ఎక్కడున్నా పట్టుకునే ఐలైక్ అనే పోలికతో నాలుగు కాలమ్‌లలోనూ వెతికి, దొరికినవాటిని సరుకు సంఖ్య వరుసలో చూపిస్తున్నాం. సరుకులు కొద్దిగా ఉన్న రోజుల్లో ఇది సరిపోయింది.

ఇప్పుడు సరిపోవడం లేదు. "నూనె" అని వెతికితే మొదటి పేజీ నిండా పచ్చళ్ళే వస్తున్నాయి. ఎందుకంటే దాదాపు ప్రతి పచ్చడి వివరణలోనూ "గానుగ నువ్వుల నూనెతో" అనే మాట ఉంది, పైగా పచ్చళ్ళ సంఖ్యలు పట్టికలో ముందున్నాయి. "గోంగూర పచ్చడి" అంటే దొరికేది "పచ్చడి గోంగూర" అంటే దొరకదు. "పల్లీలు" అంటే అసలేమీ రాదు, మా పట్టికలో ఆ సరుకు పేరు "వేరుశనగ గుళ్ళు" కాబట్టి. ఇక తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేసేవారి సంగతి వేరే చెప్పనక్కరలేదు. గోంగూరలోని దీర్ఘానికి ఒకరు "యు" రాస్తారు, మరొకరు "ఓ" రెండుసార్లు రాస్తారు, మా పట్టికలో ఉన్న వర్ణక్రమం ఈ రెంటిలో ఒక్కదానికే సరిపోతుంది. వీటికి తోడు సాయంత్రం రద్దీ వేళల్లో ఫలితాలు రావడానికి కొన్ని సెకన్లు పడుతోంది.

ఎలాస్టిక్‌సెర్చ్ అనే ప్రత్యేక సెర్చ్ ఇంజను పెట్టిస్తే అన్నీ చక్కబడతాయని మా యాజమాన్యానికి ఎవరో చెప్పారు. కానీ మాకున్నది ఒకే సర్వరు, దాన్ని చూసుకునేది నేనొక్కడినే. పోస్ట్‌గ్రెస్‌లోనే ఈ పని ఎంతవరకు చేయవచ్చు, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి అన్నది అనుభవజ్ఞులు చెప్పగలరని ఆశిస్తున్నాను.

సమాధానం: డేటాబేస్ నిర్వాహకురాలు

మీరు చెప్పినవాటిలో మూడు వేర్వేరు సమస్యలు కలిసి ఉన్నాయండీ: వేగం ఒకటి, ఫలితాల వరుస ఒకటి, కొనేవారి మాటకూ మీ పట్టికలోని మాటకూ మధ్య ఉన్న దూరం ఒకటి. ఎలాస్టిక్‌సెర్చ్ మొదటి రెంటినీ తీరుస్తుంది. మీ దుకాణానికి ఎక్కువ నష్టం చేస్తున్నది మూడోది, దాన్ని ఏ ఇంజనూ తనంతట తాను తీర్చలేదు. పల్లీలంటే వేరుశనగ గుళ్ళేనని దానికి ఎవరో ఒకరు చెప్పాలి.

ముందుగా వేగం గురించి. 6,000 వరుసలంటే డేటాబేస్‌కు లెక్కలోకి రాని సంఖ్య. వాటినన్నిటినీ మొదటి నుంచి చివరిదాకా చదివినా సెకన్లు పట్టకూడదు. కాబట్టి ఇండెక్స్ (త్వరగా వెతకడానికి కట్టుకునే సూచిక) పెట్టే ముందు ఆ క్వెరీని, అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్నను, సమయం ఎక్కడ పోతోందో చూపించే ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్‌తో, బఫర్ల ఎంపికను కూడా జోడించి నడిపి చూడండి. నా అనుమానం వివరణ కాలమ్ మీద. ఒక వరుస సుమారు 2 కిలోబైట్లు దాటితే పోస్ట్‌గ్రెస్ అందులోని పెద్ద విలువలను కుదిస్తుంది, అదీ చాలకపోతే టోస్ట్ అనే పక్క టేబుల్‌లోకి తరలిస్తుంది. యూటీఎఫ్-8లో ఒక్కొక్క తెలుగు యూనికోడ్ అక్షరానికి 3 బైట్లు పడతాయి కనుక, వత్తులూ గుణింతాలూ విడివిడిగా లెక్కించుకుంటే, 700 అక్షరాల లోపు వివరణే ఆ హద్దును చేరుతుంది. మీ ఐలైక్ ప్రతి సెర్చ్‌లోనూ ఆ వివరణలన్నిటినీ తీసి, విప్పి, ఆ చివరి నుంచి ఈ చివరిదాకా చదువుతోంది. రెండు వైపులా శాతం గుర్తు ఉన్నప్పుడు మామూలు బీ-ట్రీ ఇండెక్స్ దానికి ఏ సాయమూ చేయలేదు. మొదటి అక్షరం తెలియకుండా నిఘంటువులో మాట వెతకడం ఎలాగో అలాగే.

దీనికి మందు వివరణను సెర్చ్ నుంచి తీసివేయడమే. పుస్తకాల దుకాణమైతే ఇలా చెప్పను. దినుసుల దుకాణంలో వివరణ అన్నది అమ్మడానికి రాసుకున్న మాట, అందులో నూనె, నెయ్యి, బెల్లం, కారం అన్నీ ఉంటాయి. నూనె కావాలన్న మనిషికి నూనెతో చేసిన పచ్చడి అక్కరలేదు. మరీ వదులుకోలేకపోతే అన్నిటికంటే తక్కువ విలువ ఇచ్చి చివర ఉంచండి.

ఇక అసలు నిర్మాణం. సరుకుల టేబుల్‌లో "మారుపేర్లు" అనే కొత్త కాలమ్ చేర్చండి. తరువాత మాటలను వెతకడానికి అనువుగా విడగొట్టి ఉంచే టీఎస్‌వెక్టర్ రకానికి చెందిన ఇంకొక కాలమ్ చేర్చి, సెట్‌వెయిట్ ఫంక్షన్‌తో పేరుకు ఏ, మారుపేర్లకు బీ, వర్గానికి సీ, వివరణను ఉంచితే దానికి డీ అన్న గుర్తులు ఇవ్వండి. ర్యాంకు ఫంక్షన్‌లో వీటి సహజ విలువలు వరుసగా 1.0, 0.4, 0.2, 0.1. దాని మీద, ఏ మాట ఏ వరుసల్లో ఉందో చెప్పే జిన్ ఇండెక్స్ పెట్టండి. పోస్ట్‌గ్రెస్ 12 నుంచి ఇలాంటి కాలమ్‌ను జనరేటెడ్ కాలమ్‌గా పెట్టుకోవచ్చు, అప్పుడు పేరు మారినప్పుడల్లా అదే మారుతుంది. అయితే రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. ఏ భాష నియమాలు వాడాలో చెప్పే కాన్ఫిగరేషన్ పేరును ఫంక్షన్‌కు స్పష్టంగా ఇవ్వాలి, లేకపోతే జనరేటెడ్ కాలమ్ ఒప్పుకోదు. మారుపేర్లను వేరే టేబుల్‌లో ఉంచితే జనరేటెడ్ కాలమ్ అక్కడిదాకా చూడలేదు కాబట్టి, మార్పు జరిగినప్పుడల్లా తనంతట తాను నడిచే ట్రిగ్గర్ రాసుకోవలసి వస్తుంది.

కాన్ఫిగరేషన్‌గా "సింపుల్" వాడండి. మాటను మూలరూపానికి కుదించే స్టెమ్మర్లు కొన్ని పోస్ట్‌గ్రెస్‌తో వస్తాయి, వాటిలో తమిళం ఉంది, హిందీ ఉంది, తెలుగు లేదు. సింపుల్ అంటే మాటను ఉన్నదున్నట్లు తీసుకుంటుంది, బహువచనాన్నీ విభక్తినీ తొలగించదు. ఆ లోటులో కొంత భాగాన్ని ముందుభాగపు సరిపోలికతో పూడ్చవచ్చు: టీఎస్‌క్వెరీలో, అంటే వెతికే మాటలతో కట్టే క్వెరీలో, మాట చివర కోలన్, నక్షత్రం గుర్తులు పెడితే "మిరపకాయ" అన్నది "మిరపకాయలు"నూ "మిరపకాయల"నూ పట్టుకుంటుంది. కొనేవారు టైపు చేసినదాన్ని సురక్షితంగా క్వెరీగా మార్చే వెబ్‌సెర్చ్ టు టీఎస్‌క్వెరీ అనే ఫంక్షన్ ఈ నక్షత్రాన్ని అర్థం చేసుకోదు కనుక, ఆ వాక్యాన్ని మీరే మాటలుగా విడగొట్టి, విరామచిహ్నాలు తీసివేసి, క్వెరీని కట్టుకోవాలి. మాటల వరుస అటూ ఇటూ కావడం అనే ఇబ్బంది దీనితోనే పోతుంది.

కానీ తెలుగులో చాలా మాటలు చివర అంటించుకుని ఊరుకోవు, వాటి మూలరూపమే మారిపోతుంది. "వడియం" నుంచి "వడియాలు", "అప్పడం" నుంచి "అప్పడాలు", "పచ్చడి" నుంచి "పచ్చళ్ళు". ఆ చివరిదానిలోనూ "పచ్చళ్లు" అని రాసేవారు మరికొందరు. "నెయ్యి" అన్నది "నేతి అరిసెలు"లో గుర్తుపట్టలేనట్లు ఉంటుంది. "బియ్యప్పిండి", "బియ్యం పిండి", "బియ్యపు పిండి", "వరిపిండి" అన్నీ ఒక్కటే. వీటికి సూత్రాలు రాస్తూ కూర్చుంటే అంతు ఉండదు. మీ పట్టికలో ఇలాంటి మూలపదాలు కొన్ని వందలకు మించవు కాబట్టి మారుపేర్లలో చేతితో రాసుకోవడమే తొందరగా అయ్యే పని.

ఆ మారుపేర్లు ఎక్కడ దొరుకుతాయంటే, మీ కొనేవారి దగ్గరే. ఈ రోజే ఒక చిన్న టేబుల్ మొదలుపెట్టండి: టైపు చేసిన మాట, వచ్చిన ఫలితాల సంఖ్య, నొక్కిన సరుకు, బుట్టలో వేశారా లేదా, సమయం. ఫోను నంబరు మాత్రం అందులో వేయకండి, ఈ పనికి దాని అవసరం లేదు. సున్నా ఫలితాలు వచ్చిన మాటలను ఎక్కువసార్లు వచ్చిన వరుసలో తీసి చూస్తే, ఏ ఊరివారు దేన్ని ఏమంటారో మీకే తెలుస్తుంది. రాగులను తెలంగాణలో తైదలు అంటారు, ఉత్తరాంధ్రలో చోళ్ళు అంటారు. పుట్నాలు అడిగిన మనిషికి కావలసింది మీ పట్టికలో "వేయించిన శనగపప్పు" పేరుతో ఉండవచ్చు. బొంబాయి రవ్వను సూజీ అని అడిగేవారు ఉంటారు. ఈ జాబితాను మీ గోదాములో సరుకు కట్టేవారికి చూపించండి. నాకంటే, మీకంటే వారికే ఎక్కువ తెలుస్తుంది.

సమాధానం: మై-ఎస్‌క్యూఎల్ వాడుకరి

ప్రశ్న పోస్ట్‌గ్రెస్ గురించే అయినా, ఈ చర్చను చదివేవారిలో మై-ఎస్‌క్యూఎల్ అనే మరొక డేటాబేస్ వాడేవారు తప్పకుండా ఉంటారు కనుక కొన్ని మాటలు చేరుస్తున్నాను. అందులో మామూలుగా వాడే ఇన్నోడీబీ రకం టేబుళ్ళలో, మాటలను వెతకడానికి పనికొచ్చే ఫుల్‌టెక్స్ట్ ఇండెక్స్ 5.6 సంచిక నుంచి ఉంది. వెతకడానికి రాసే మ్యాచ్ వాక్యంలో ఇచ్చే కాలమ్‌లు ఇండెక్స్‌లో ప్రకటించిన కాలమ్‌లతో సరిగ్గా సరిపోవాలి. అందువల్ల పేరుకు ఒక ఇండెక్స్, పేరూ మారుపేర్లూ కలిపి మరొక ఇండెక్స్ పెట్టుకుని, రెండు మ్యాచ్‌ల విలువలను మీకు తోచిన గుణకాలతో కూడుకోవడం ఇక్కడ అనుసరించే పద్ధతి.

ఎక్కువమందిని తికమకపెట్టేది ఇండెక్స్‌లోకి వెళ్ళే మాటకు ఉండవలసిన కనీస పొడవు. ఇన్నోడీబీలో అది 3 అక్షరాలు, అంటే 3 యూనికోడ్ అక్షరాలు. మన కంటికి ఒకే అక్షరంగా కనిపించే "టీ" ఆ లెక్కలో ట, దీర్ఘం కలిసి రెండు. అందుకే "టీ పొడి"లో "టీ" ఇండెక్స్‌లోకే వెళ్ళదు. ఆ విలువను మార్చాలంటే సర్వరును మళ్ళీ మొదలుపెట్టి, ఇండెక్స్‌ను మళ్ళీ కట్టాలి. 5.7లో వచ్చిన ఎన్‌గ్రామ్ పార్సర్‌ను కొందరు సూచిస్తారు. అది చైనా, జపాన్, కొరియా భాషల కోసం చేసినది. మాటను రెండేసి యూనికోడ్ అక్షరాలుగా కోస్తుంది కనుక "పప్పు" అన్న రెండక్షరాల మాట దానికి ఐదు అక్షరాలు, నాలుగు ముక్కలు. ఫలితాలు దండిగా వస్తాయి, వాటిలో పనికొచ్చేవి తక్కువ.

సౌండెక్స్ ఫంక్షన్ జోలికి మాత్రం పోవద్దు. 1918లో అమెరికాలో పేటెంటు పొందిన పద్ధతి అది, ఇంగ్లీషు ఉచ్చారణలో మనుషుల ఇంటిపేర్లను కలపడానికి పుట్టింది. దానికి మన దినుసుల పేర్లతో పొత్తు కుదరదు.

ప్రశ్న కొనసాగింపు: అంగడి సాంకేతికం

అందరికీ కృతజ్ఞతలు. వివరణను సెర్చ్ నుంచి తీసివేసి, టీఎస్‌వెక్టర్ కాలమ్ పెట్టిన తరువాత "నూనె"కు నూనెలే వస్తున్నాయి, ఆలస్యం గురించిన ఫిర్యాదులు ఆగిపోయాయి. సున్నా ఫలితాల జాబితా నిజంగానే కళ్ళు తెరిపించింది. మేము ఊహించినవాటికంటే ఊహించనివే అందులో ఎక్కువ ఉన్నాయి. రాయలసీమ నుంచి "బుడ్డలు" అని అడిగినవారు ఉన్నారు, దానికీ వేరుశనగే సమాధానమని మా గోదాములో ఒకరు చెప్పేదాకా మాకు తోచలేదు.

ఇంగ్లీషు అక్షరాలలో వచ్చే తేడాల కోసం మాటల పోలికను అంకెగా చెప్పే పీజీ ట్రైగ్రామ్ ఎక్స్‌టెన్షన్ చేర్చి, సారూప్యత 0.3 దాటినవన్నీ చూపించాను. కొన్ని అద్భుతంగా దొరుకుతున్నాయి. కానీ "కంది" అని ఇంగ్లీషు అక్షరాలలో టైపు చేస్తే కందిపప్పుతో పాటు కంద చిప్స్ కూడా పైకి వస్తున్నాయి. హద్దును పెంచితే "సెనగ" అని రాసినవారికి "శనగ" దొరకడం మానేస్తోంది. సరైన హద్దు ఎంత ఉండాలి? మరొక విచిత్రం: "తైదలు" అన్న మారుపేరును ఒక సరఫరాదారు పంపిన ఎక్సెల్ పట్టిక నుంచి తెచ్చి చేర్చాను. కంటికి రెండూ ఒకేలా ఉన్నాయి, అయినా టైపు చేసి వెతికితే దొరకడం లేదు.

సమాధానం: లిపి పరిశోధకుడు

మొదట తైదల సంగతి, అది సులువు. ఐత్వపు గుర్తును యూనికోడ్‌లో రెండు విధాలుగా రాయవచ్చు: ఒకే అక్షరంగా, లేదా ఎత్వమూ దాని కింద వచ్చే ఐత్వపు పొడిగింపు గుర్తూ కలిపి రెండు అక్షరాలుగా. తెర మీద రెండూ ఒకటే, డేటాబేస్‌కు వేరు. మీ ఎక్సెల్ పట్టికలో ఉన్నది బహుశా రెండో రూపం. పోస్ట్‌గ్రెస్ 13 నుంచి నార్మలైజ్ అనే ఫంక్షన్ ఉంది. దానితో ఎన్ఎఫ్‌సీ అనే ప్రామాణిక రూపంలోకి మార్చితే రెండూ ఒక్కటవుతాయి. పట్టికలోకి వెళ్ళే మాటకూ, సెర్చ్ పెట్టె నుంచి వచ్చే మాటకూ రెంటికీ అదే చేయాలి. అయితే కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్-జాయినర్ అనే అక్షరాన్ని ఎన్ఎఫ్‌సీ తొలగించదు. "కార్న్‌ఫ్లేక్స్" వంటి మాటల్లో పొల్లు విడిగా కనిపించడానికి దాన్ని వాడతారు, కొన్ని కీబోర్డులు వేస్తాయి, కొన్ని వేయవు. సెర్చ్ కోసం ఉంచుకునే ప్రతిలో దాన్ని పూర్తిగా తీసివేయండి, కొనేవారికి చూపించే పేరులో మాత్రం అలాగే ఉంచండి. "ళ్ళ", "ళ్ల" తేడాను కూడా ఇక్కడే ఒక రూపానికి తెచ్చుకోవచ్చు.

ఇక ట్రైగ్రామ్ హద్దు. మీరు అడిగిన సరైన అంకె లేదండీ, ఎందుకు లేదో లెక్క వేసి చూద్దాం. ట్రైగ్రామ్ పద్ధతి మాటకు ముందు రెండు ఖాళీలు, వెనుక ఒక ఖాళీ చేర్చి, మూడేసి అక్షరాల ముక్కలుగా కోస్తుంది. రెండు మాటలకు ఉమ్మడిగా ఉన్న ముక్కలను మొత్తం వేర్వేరు ముక్కలతో భాగించినదే సారూప్యత. ఇంగ్లీషు అక్షరాలలో "శనగ", "సెనగ" రెంటినీ ఎస్‌తో మొదలుపెట్టి రాస్తే ఒక్కొక్కదానికి ఆరు అక్షరాలు, ఏడు ముక్కలు. తేడా రెండో అక్షరంలో ఉంది కాబట్టి మూడు ముక్కలు చెడి, నాలుగు ఉమ్మడిగా మిగులుతాయి. వేర్వేరు ముక్కలు మొత్తం పది. సారూప్యత 0.4. "కంది", "కంద" ఒక్కొక్కటి ఐదు అక్షరాలు, ఆరు ముక్కలు. తేడా చివరి అక్షరంలో ఉంది కాబట్టి చెడేవి రెండే ముక్కలు. ఉమ్మడివి నాలుగు, మొత్తం ఎనిమిది, సారూప్యత 0.5. అంటే ఒకే సరుకుకు ఉన్న రెండు రూపాల కంటే రెండు వేర్వేరు సరుకులే యంత్రానికి దగ్గరగా కనిపిస్తున్నాయి. హద్దును ఎక్కడ పెట్టినా సెనగ బయటపడేలోగా కంద బయటపడదు.

కాబట్టి ట్రైగ్రామ్‌ను ఆఖరి మెట్టుగా మాత్రమే ఉంచండి. మొదట అన్ని మాటలూ ఉన్న సరుకులు, ఏమీ దొరకకపోతే ముందుభాగపు సరిపోలిక, అదీ లేకపోతే మాటల్లో ఏదో ఒకటి ఉన్నవి, అప్పటికీ శూన్యమైతేనే ట్రైగ్రామ్, అదీ నేరుగా ఫలితాలుగా కాకుండా "మీరు వెతుకుతున్నది వీటిలో ఏదైనానా?" అన్న ప్రశ్నగా చూపించాలి. "కంది" అన్న మాటకు కందిపప్పు ముందుభాగంతోనే దొరుకుతుంది కనుక కంద చిప్స్‌కు తెర మీదికి వచ్చే అవకాశమే ఉండదు.

ఇంగ్లీషు అక్షరాల తేడాలకు ట్రైగ్రామ్ కంటే మంచి ఉపాయం ఉంది. ప్రతి పేరుకూ ఒక "తాళపు రూపం" తయారుచేసి వేరే కాలమ్‌లో ఉంచండి. తెలుగు లిపిలో ఉన్న పేరును ముందుగా ఇంగ్లీషు అక్షరాలలోకి మార్చి, ఆపైన కొన్ని తేడాలను చెరిపివేయాలి: ఏ రెండుసార్లు వస్తే ఒకటి, ఈ రెండుసార్లు వస్తే ఐ, ఓ రెండుసార్లు వస్తే యు, ద్విత్వాలు ఒక్కటి, హల్లు వెనుక వచ్చే హెచ్ తీసివేత, డబ్ల్యూ అయితే వీ, మాట చివరి వై అయితే ఐ. కుంకుమపువ్వును ఎమ్‌తో రాసేవారూ ఎన్‌తో రాసేవారూ ఉన్నారు కాబట్టి హల్లు ముందున్న ఎమ్‌ను ఎన్‌గా మార్చాలి. కొనేవారు టైపు చేసినదానికీ ఇవే సూత్రాలు వర్తింపజేస్తే గోంగూరను ఏ విధంగా రాసినా ఒకే తాళానికి చేరుతుంది. తెలుగు లిపిలో వెతికినవారు, ఇంగ్లీషు అక్షరాలలో వెతికినవారు కూడా అక్కడే కలుస్తారు, సెర్చ్ మామూలు ఇండెక్స్ మీద నడుస్తుంది. అచ్చులను మాత్రం తొలగించవద్దు. అచ్చులు తీసివేస్తే కంది, కంద నిజంగానే ఒక్కటైపోతాయి.

"సెనగ" వంటివి ఈ సూత్రాలకు లొంగవు, అవి మారుపేర్లలోకే వెళ్ళాలి. అక్కడ ఒక ఉచ్చు ఉంది, గమనించండి. రాయలసీమలో కొన్నిచోట్ల "శెనక్కాయలు" అంటే వేరుశనగకాయలు. అక్షరాల పోలికను నమ్మి యంత్రం దాన్ని శనగల దగ్గరికి చేరుస్తుంది. భాష తెలిసిన మనిషి చూడకుండా మారుపేర్లను యంత్రం చేత నింపించకూడదని నేను గట్టిగా అనేది ఇందుకే.

ఇంకొక చిన్న మాట. తెలుగు లిపి మీద నేరుగా ట్రైగ్రామ్ నడపదలచుకుంటే ముందు షో ట్రైగ్రామ్ ఫంక్షన్‌కు ఒక తెలుగు మాట ఇచ్చి చూడండి. దేన్ని అక్షరంగా లెక్కించాలన్నది డేటాబేస్ లొకేల్ (భాషకు సంబంధించిన అమరిక) మీద ఆధారపడుతుంది. "సీ" లొకేల్‌తో సృష్టించిన డేటాబేస్ అయితే ఖాళీ జాబితా రావచ్చు.

సమాధానం: ఎలాస్టిక్ అనుభవం ఉన్నవారు

పై సూచనలతో ఏకీభవిస్తూనే రెండో పక్షం కూడా చెప్పడం న్యాయం. పోస్ట్‌గ్రెస్ ర్యాంకు ఫంక్షన్లకు మొత్తం పట్టికలో ఏ మాట అరుదైనదో తెలియదు. అవి ఆ ఒక్క వరుసను మాత్రమే చూసి విలువ కడతాయి. ఎలాస్టిక్‌సెర్చ్ 5.0 నుంచి సహజంగా వాడుతున్న బీఎం25 సూత్రం అరుదైన మాటకు ఎక్కువ విలువ ఇస్తుంది. "చింతచిగురు పచ్చడి" అని వెతికితే, ఆ సరుకు నిల్వలో లేనప్పుడు, ఏదో ఒక మాట ఉన్నవాటిని చూపించే మెట్టుకు దిగుతారు కదా. అప్పుడు పోస్ట్‌గ్రెస్‌కు చింతచిగురు పొడి, టమాటా పచ్చడి రెండూ సమానమే. బీఎం25కు చింతచిగురు అరుదని తెలుసు, పొడిని ముందు పెడుతుంది. ఎలాస్టిక్‌సెర్చ్‌కు పునాదిగా ఉన్న లూసీన్ అనే సెర్చ్ లైబ్రరీలో తెలుగు కోసం ప్రత్యేకంగా ఒక అనలైజర్ కూడా ఉంది, విభక్తులనూ బహువచనాలనూ కొంతవరకు కత్తిరిస్తుంది.

అయినా మీ పరిస్థితిలో ఉంటే నేను ఇప్పుడు దాని జోలికి వెళ్ళను. రెండో ఇంజను అంటే సరుకు వివరాలకు రెండో ప్రతి. ధర మారినా, నిల్వ అయిపోయినా రెండు చోట్లా మారాలి. మధ్యలో ఏ కారణం చేతనైనా ఒకటి తప్పితే కొనేవారికి పాత ధర కనిపిస్తుంది. జావా మీద నడిచే ఆ సర్వరుకు మెమరీ కూడా ధారాళంగా కావాలి, అదే యంత్రంలో పోస్ట్‌గ్రెస్‌తో పోటీ పడుతుంది. సరుకులు లక్షల్లోకి వెళ్ళి, బరువు, బ్రాండు, ధర శ్రేణి, ఊరు వంటి అనేక వడపోతలకు పక్కన లెక్కలు చూపించవలసి వచ్చిన రోజున ఆలోచించండి. అప్పుడు కూడా మీరు ఇప్పుడు కూడబెడుతున్న మారుపేర్ల జాబితా అలాగే పనికివస్తుంది.

ప్రశ్న కొనసాగింపు: అంగడి సాంకేతికం

తాళపు రూపం కాలమ్ పెట్టాక ఇంగ్లీషు అక్షరాలలో వచ్చే సున్నా ఫలితాలు బాగా తగ్గాయి. మెట్ల పద్ధతిలోకి మార్చాక కంద ఎక్కడా అడ్డు రావడం లేదు. చివరిగా ఒక సందేహం. ఎక్కువగా అమ్ముడుపోయే సరుకులను ముందు చూపించమని మా అమ్మకాల విభాగం అడుగుతోంది. ర్యాంకును పక్కనపెట్టి అమ్మకాల వరుసలో చూపించడం సబబేనా?

సమాధానం: డేటాబేస్ నిర్వాహకురాలు

పక్కనపెట్టవద్దు, కలపండి. అమ్మకాల వరుసకే వదిలేస్తే కారం కోసం "కార" అని మాత్రమే టైపు చేసిన మనిషికి గుంటూరు మిరపకారం కంటే ముందు, ముందుభాగపు సరిపోలికలో దొరికే కారప్పూస బాగా అమ్ముడవుతుంది కాబట్టి వస్తుంది. ముందు మెట్టు, ఆ మెట్టు లోపల ర్యాంకు, ర్యాంకు దాదాపు సమానమైనవాటి మధ్య మాత్రమే అమ్మకాలు అన్న క్రమం పాటించండి. అమ్మకాల అంకెను నేరుగా కాక దాని సంవర్గమానాన్ని (లాగరిథమ్) తీసుకోవాలి, లేకపోతే సంక్రాంతి ముందు వారాల్లో అరిసెలూ బెల్లమూ అన్నిటినీ కిందికి నెట్టేస్తాయి. లెక్కకు ఇటీవలి కొద్ది వారాల అమ్మకాలే తీసుకోండి. ఆవకాయ వేసవిలో అమ్ముడైన అంకెతో కార్తీకంలో కూడా పైన కూర్చోకూడదు. నిల్వలో లేని సరుకును దాచవద్దు, అదే మెట్టులో చివరకు జరిపి "వచ్చాక తెలియజేయండి" అన్న బొత్తాం పెట్టండి. ఆ నొక్కులను కూడా సెర్చ్ టేబుల్‌లోనే నమోదు చేస్తే మీ కొనుగోలు విభాగం ఏ సరుకు తెప్పించాలో అక్కడి నుంచే చూసుకుంటుంది.

ఈ గుణకాలను మార్చే ముందు ఒక పని చేయండి. మీ సెర్చ్ టేబుల్ నుంచి తరచుగా వచ్చే మాటలు ఒక వంద తీసి, ఒక్కొక్కదానికి మొదటి ఐదు స్థానాలలో ఏ సరుకులు ఉండాలో గోదాము వారితో కూర్చుని రాసుకోండి. ప్రతి మార్పు తరువాత ఆ వందనూ నడిపించి ఎన్ని చెదిరాయో చూడండి. అమ్మకాల విభాగంతో వాదించే అవసరం చాలావరకు తప్పుతుంది, ఆ పట్టికనే వారి ముందు పెట్టవచ్చు.